పంచాయతీ రేడియో చెప్పిన వార్త

నా చిన్నప్పుడు మా ఊళ్లో రేడియో వినిపించేదే కాని కనిపించేది కాదు. పెట్టె పంచాయతీ ఆఫీసు లోపలి గదిలో ఉండేది. దాని లౌడ్‌స్పీకర్‌ను బయట గోడకు, చూరు కింద బిగించారు. ఇప్పుడు పటాన్‌చెరు నుంచి రుద్రారం దాకా రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీ గోడలే కాని, అప్పట్లో మావన్నీ జొన్న చేలు. పొద్దుగూకే వేళకు చేలల్లోంచి వచ్చినవాళ్లు కాళ్లయినా కడుక్కోకుండా ఆ గోడ కింద చేరేవారు. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలయ్యాక పొయ్యి మీద ఎసరు వదిలేసి ఆడవాళ్లు కూడా రాసాగారు.

ఆ గది తాళంచెవి మా చిన్నాయన దగ్గర ఉండేది. ఆయన గొంతు బాగుండేది. బాగుంటుందని ఆయనకు మరీ బాగా తెలుసు. వార్తలు చదివే ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళితే, నీ యాస పనికిరాదు పొమ్మన్నారట. అప్పటినుంచి పశువుల కొట్టంలో పాత పేపరు పట్టుకుని బర్రెలకు వార్తలు చదివి వినిపించేవాడు, అచ్చం రేడియో వాళ్ల తెలుగులో. ఊరికి చాటింపు వేయడానికని రేడియోతో పాటు, అదే లౌడ్‌స్పీకర్‌లో పలికే ఒక మైకు కూడా ఆయన చేతికిచ్చారు.

మా పక్కింటి పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. మిలిట్రీలో ఉన్నాడు. యుద్ధం మొదలైనప్పటి నుంచి అతని దగ్గర్నుంచి ఉత్తరం లేదు. పెద్దమ్మ అందరికంటే ముందే వచ్చి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉడకబెట్టిన అనపకాయలు ఒలిచి నా నోట్లో పెడుతూ వార్తలు వినేది. అవి కాగానే లేచి గది తలుపు దగ్గరికి వెళ్లి, "మా పోరని ముచ్చట ఏమన్న చెప్పిండ్రా అయ్యా?" అని అడిగేది. అందరితో పాటు తనూ విన్నదే. అయినా లోపల కూర్చున్నవాడికి ఇంకో ముక్క ఎక్కువ వినిపించి ఉంటుందేమోనని ఆమె ఆశ. మా చిన్నాయనకు అది చిరాకు. ఈ ముసల్ది నా పానం తింటున్నదని దోస్తుల దగ్గర విసుక్కునేవాడట. ఆ దోస్తులే ఆయన్ని ఎక్కించారు.

ఒక సాయంత్రం వార్తలు సగంలో ఉండగా గరగరమని చప్పుడొచ్చి ఆగిపోయింది. తర్వాత గంభీరమైన గొంతు ఒకటి, ఇప్పుడే అందిన వార్త అంటూ మా ఊరి పేరు చెప్పింది. పెద్దమ్మ కొడుకు పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. శత్రువు ట్యాంకును పేల్చివేసిన ఆ వీర జవాను క్షేమంగా ఉన్నాడని చెప్పింది. రేడియో వాళ్లకు మా ఊరు ఎలా తెలిసిందని ఒక్కరికీ అనుమానం రాలేదు. యుద్ధం మమ్మల్ని గుర్తించిందన్న సంబరంలో ఉన్నాం. పెద్దమ్మ నన్ను ఒళ్లోంచి దింపి, గోడకు నుదురు ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

మర్నాడు ఆమె బెల్లపన్నం వండి ఇంటింటికీ పంచింది. మా చిన్నాయనకు రెండింతలు పెట్టింది. ఆయన తిన్నాడు. తిని, మూతి తుడుచుకుని, ఇగ నన్ను సతాయించదు అని దోస్తులతో నవ్వాడట.

కొద్ది రోజులకు తంతి వచ్చింది. బడి పంతులు చదివాడు. కొడుకు యుద్ధంలో చనిపోయాడు. ఆడవాళ్లు గొల్లుమన్నారు కాని పెద్దమ్మ ఏడవలేదు. ఏ రోజు పోయాడని రాశారో చెప్పమంది. రేడియో చెప్పిన దినానికి ముందే అని పంతులు చెప్పగానే ఆమె ముఖం తేటపడింది. ముందు పోయినవాడు తర్వాత క్షేమంగా ఎలా ఉంటాడు? తంతి వాళ్లే పొరబడ్డారంది. దినాలు చేయాలని కులపెద్దలు వస్తే, "బతికినోనికి దినాలు జేస్తరా?" అని తలుపు మూసుకుంది.

అప్పుడు దోస్తుల్లో ఒకడు భయపడి అసలు సంగతి బయటపెట్టాడు. మా తాతయ్య చిన్నాయనను వీధిలో నిలబెట్టి చెప్పుతో కొట్టి, పక్కింటికి తోలుకుపోయాడు. నేను తాతయ్య పంచె పట్టుకుని వెంట వెళ్లాను.

"వదినె, అది రేడియో గాదు. నేనే మైకుల చెప్పిన. పరాష్కానికి చెప్పిన" అన్నాడు చిన్నాయన.

"నీ గొంతు నాకు తెల్వదా? అది సదువుకున్నోళ్ల గొంతు" అంది పెద్దమ్మ.

చిన్నాయన వేరే దారి లేక, ఆమె గడప ముందు పట్టపగలు నిలబడి, ఆ గొంతుతోనే ఆ వార్త మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఊరి పేరు, కొడుకు పేరు, ట్యాంకు, క్షేమం అన్నీ. పెద్దమ్మ కళ్లు మూసుకుని విన్నది.

"ఇంకోపారి చెప్పు" అంది.

ఆయన ఏడుస్తూ మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఏడ్సుకుంట గాదు. ఆ దినం చెప్పినట్టు చెప్పు."

చెప్పాడు. ఆ రోజే కాదు, ఆమె బతికినంతకాలం చెప్పాడు. పొద్దుగూకగానే పెద్దమ్మ మా అరుగు మీదికొచ్చి కూర్చునేది. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చి, చిన్నాయనకు వాటిలో ఒకదాంట్లో పని దొరికాక కూడా, డ్యూటీ దిగి వచ్చి బట్టలు మార్చుకోకముందే ఆ వార్త చదవాల్సిందే. ఆమెకు మతి చలించిందనేవారు. నేను నమ్మను. కొడుకు ఎప్పుడు వస్తాడని ఆమె ఒక్కనాడూ ఎవరినీ అడగలేదు. ఆమెకు అంతా తెలుసు. తెలిసే ఆయనకు ఆ శిక్ష వేసింది, తనకూ వేసుకుంది. కొడుకు కోసం నోరారా ఒక్కసారి ఏడవకుండానే పోయింది. మా చిన్నాయన మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు.

ఇప్పుడు మా చేలున్న చోట మందుల కంపెనీలున్నాయి. లోపల ఏదైనా పేలితే ఆడవాళ్లు గేటు దగ్గర మూగుతారు. దవాఖానలో ఉన్నాడు, ఏమీ కాలేదు అని చెప్పేవాళ్లకు కొదవుండదు. అలాంటి పేలుడులోనే మా మరిది పోయిన రోజు ఇంటిల్లిపాదీ మా తోటికోడలికి అదే మాట చెబుతున్నారు. నేను వాళ్లను తోసుకుని వెళ్లి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మనిషి లేడు చెల్లే" అన్నాను. రాతిగుండె దానినని ఇప్పటికీ అంటారు. అననీ. ఆమె నా ఒళ్లో పడి గుండెలవిసేలా ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చినా నేను ఊరుకోమనలేదు.