వంకాయ వరుగుల మూట

1943 వానాకాలంలో, సర్వే గొలుసు పట్టే మేడ్చల్ సాలోమోను శామీర్‌పేట అడవికి బయలుదేరుతుంటే, భార్య ఎలీషమ్మ ఒక గుడ్డమూట ఇచ్చింది. ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టిన వంకాయ వరుగులు అవి.

"ఉడుకునీళ్ళల్ల జరసేపు నానబెట్టు, కూరైతది" అంది.

మొదటిరోజే తోటి కూలీ అంజయ్య మూట విప్పి నవ్వాడు. "ఏందిరా గివి, చెప్పుల తోలు ముక్కలా?"

సాలోమోను తండ్రి చెప్పులు కుట్టేవాడు. అతని ముఖం మాడిపోయింది. "నావి గావు. ఎవరో నా సంచిల పెట్టిండ్రు" అన్నాడు.

మూడోరోజుకు ముసురు పట్టి, అందరి కూరగాయలూ కుళ్ళిపోయాయి. జొన్నగటకలోకి నంజుకోవడానికి ఏమీ లేక అంజయ్యే ఆ వరుగుల్ని ఉడుకునీళ్ళలో వేశాడు. నల్లగా ముడుచుకున్న ముక్కలు మెల్లగా విప్పుకుని మెత్తబడ్డాయి. అందరూ కుండ ఊడ్చి తిన్నారు.

"ఎవరు జేసిండ్రో గని, మస్తున్నయ్" అన్నాడు అంజయ్య. సాలోమోను ఎవరూ చూడకుండా ఖాళీ గుడ్డను మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక ఖాళీ గుడ్డ చూసి ఎలీషమ్మ మురిసిపోయింది.

"మీవోళ్ళు గుడ తిన్నరా? ఏమన్నరు?"

"మంచిగున్నయన్నరు."

"నేను జేసిన్నని చెప్పినవా?"

సాలోమోను ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని, తనే ఉతుకుతానంటూ బావి దగ్గరికి నడిచాడు.