బాకా పిన్ని ఇంటి వాన

మా బాకా పిన్నికి సిగ్గు లేదు. తిట్టుగా అనడం లేదు. కొందరికి ఎత్తు తక్కువ, కొందరికి జుట్టు తక్కువ, ఆవిడకి అది తక్కువ. తన ఇంటి గుట్టంతా రోజూ కుళాయి దగ్గర తనే రట్టు చేసుకునేది.

"మా ఇంట్లో వాన, బయట ఆగినా లోపల ఆగదమ్మా!"

"నెమ్మదిగా పిన్నీ, ఎవరైనా వింటారు."

"వినాలనేగా అరుస్తోంది!"

పిన్నితో పాటు ఆ పాత మేడలో అద్దెకున్న మిగతా వాళ్లమంతా సిగ్గుతోనే కాపురం చేసేవాళ్లం. నేను బట్టల షాపులో సేల్స్‌మన్‌ని. చొక్కా మడత నలగనిచ్చేవాణ్ణి కాదు. వానొస్తే మాత్రం నేనూ మా ఆవిడా మంచం మీద గొడుగు వేసుకుని పడుకునేవాళ్లం. "ఇదేంటి బావా?" అని బావమరిది అడిగితే, "ఆరబెట్టామోయ్" అన్నాను. పక్క వాటా నర్సమ్మ ఇంట్లో ఎలుకలు పరుగెడుతుంటే, "పిల్లిని పెంచుతున్నాం" అని చుట్టాలకి చెప్పేది.

పిన్ని బట్టలు కుట్టేది. కొలతలకని అందరిళ్లకీ తనే వచ్చేది. మా గొడుగు చూసి కూడా కొలతలు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు కుళాయి దగ్గర మాత్రం, "మంచం మీద గొడుగేసుకుని పడుకుంటున్నాం తల్లీ!" అంది. ఆవిడకీ అదే ఖర్మ కాబోలనుకుని అందరికంటే గట్టిగా నవ్వాను.

ఒకరోజు పైవాటా కండక్టర్ ఇంట్లో, ఉయ్యాల పక్కనే కప్పు పెచ్చు ఊడిపడింది. పసిదానికి వెంట్రుకవాసిలో తప్పింది. కండక్టర్ గప్‌చుప్‌గా ఊడ్చేసి తలుపేసుకున్నాడు. పిన్ని వెళ్లి మెట్లకి అడ్డంగా కూర్చుంది.

"మా ఇంట్లో పెచ్చు ఊడిపడింది. మున్సిపాలిటీకి అర్జీ రాయించాను. సంతకం పెట్టి కదలండి."

"నీ ఇంటికి మా సంతకాలెందుకు?" అన్నాను.

"పెచ్చు పేరడిగి పడుతుందట్రా?"

పెట్టాం. పిన్ని ఇంటి కోసమే సుమా! మా ఇళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

తనిఖీకి ఆఫీసరొచ్చాడు, వెంట ఓనరు. నేరుగా పిన్ని గదిలోకే వెళ్లారు. మేం గుమ్మంలోంచి తొంగిచూశాం. లోపల చూడటం మాకూ అదే మొదలు. కప్పు పొడిగా ఉంది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏదమ్మా నీ వాన?" అన్నాడు ఆఫీసరు.

ఓనరు పకపకా నవ్వాడు. "నోరు తప్ప ఏమీ లేదండీ ఈవిడకి. రేపే ఖాళీ చేయిస్తాను."

ఆ నోరు మొదటిసారి మూతపడింది. మా వంక కనీసం చూడనైనా లేదు. చూసినా బాగుండేది. తల దించుకుంటే మడత నలగని నా చొక్కా కనిపించింది. చచ్చేంత సిగ్గేసింది.

"ఆ వాన మాదండీ," అన్నాను. "రండి, గొడుగు చూపిస్తాను."

"పెచ్చు మాది," అన్నాడు కండక్టర్, నేల చూపులు చూస్తూ.

"ఎలుకలు మావే. పిల్లీ లేదు, గిల్లీ లేదు," అంది నర్సమ్మ.

ఆఫీసరు గదిగదీ తిరిగాడు. ఓనరు నవ్వు మెట్ల మీదే ఎక్కడో జారిపోయింది. ఓనరుకి నోటీసు వచ్చింది, కప్పుకి సిమెంటు పడింది. పిన్నిని ఖాళీ చేయించే మాట ఓనరు మళ్లీ ఎత్తితే, ఈసారి మేమందరం మెట్లకి అడ్డంగా కూర్చున్నాం.

"మా సంగతులన్నీ నీ మీదెందుకు వేసుకున్నావు పిన్నీ?" అని అడిగాను.

"మీరేమో సిగ్గుతో చచ్చేట్టున్నారు. నాకెలాగూ లేదు, చోటు ఖాళీగా ఉంది కదాని మీది కాస్త పెట్టుకున్నా!"

మొన్న పక్క మేడ ముందు నుంచి పోతుంటే, కొలతలకని వెళ్లిన పిన్ని గొంతు అక్కడి మెట్ల మీద వినిపించింది.

"మా ఇంట్లో మురుగు పొంగి చెప్పులు ఈదుతున్నాయమ్మా!"

గుమ్మాల్లో అంతా నవ్వుతున్నారు. ఒకాయన మాత్రం తన తడి చెప్పుల్ని మెల్లగా పంచె కిందికి లాక్కుంటున్నాడు.