మంచిగా ఉన్నవాడే హంతకుడు

నా చిన్నప్పుడు ఒక సస్పెన్స్ సినిమా చూసొచ్చి, తెల్లారి మా బాపును డ్యూటీకి పోకుండా ఆపాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎన్నేళ్ళయినా ఆ సంగతి గుర్తొస్తే నవ్వాలో ఏడవాలో తేలదు. మనవరాళ్ళకు చెబితే పడీ పడీ నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళకేం పోయింది!

మేముండేది గోదావరిఖనిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. గనిని మేం బాయి అనే అంటాం. పక్క క్వార్టర్ కాక, అంటే నాకు బాబాయి వరస, లోపల పేలుడు మందు పెట్టి బొగ్గును పేల్చేవాడు. అలా పేలిన బొగ్గును తట్టతో పట్టాల మీది టబ్బుల్లోకి ఎత్తడం మా బాపు పని. ఇద్దరిదీ ఒకటే షిఫ్టు. పొద్దున ఆరు కాకముందే కాక మా గేటు దగ్గర సైకిలు బెల్లు కొట్టేవాడు. కాక ఎవరినీ గట్టిగా ఒక మాట అనగా నేను వినలేదు. పేల్చాక మిగిలిపోయిన ఎర్రవీ పచ్చవీ వైరు ముక్కలు తెచ్చి, అందంగా బుట్టలల్లి, అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ ఇచ్చేవాడు. నేను కనబడితే చాలు, జేబులోంచి పిప్పరమెంటు తీసేవాడు.

అప్పట్లో కాలనీ మైదానంలో తెర కట్టి సినిమాలు వేసేవారు. మొదటి రోజు కొందరు డ్యూటీలో ఉంటారు కాబట్టి అదే సినిమాను మరునాడు మళ్ళీ వేసేవారు. మామూలు సినిమా అయితే చూసినవాళ్ళు కథంతా చెప్పేసేవారు. సస్పెన్స్ సినిమా అయితే మాత్రం ఒట్టు, హంతకుడెవరో నోరు విప్పకూడదు. చూసిన ఆడవాళ్ళు పంపు దగ్గర బిందెలు పెట్టుకుని "చెప్పాల్నా? చెప్పాల్నా?" అని చూడనివాళ్ళను ఏడిపించేవారు. తెలిసీ చెప్పకపోవడంలో ఏం సంబరమో నాకు అంతుపట్టేది కాదు.

ఆ సినిమాలో ఒక ఊళ్ళో వరసగా హత్యలు జరుగుతుంటాయి. చెంప మీద గాటున్న ఒకడు ప్రతి చోటా నిలబడి గుర్రుగా చూస్తుంటాడు. వాడు కనబడగానే గుండెలదిరేలా సంగీతం. వాడే, వాడే అని మేమంతా అరిచాం. చివరికి చూస్తే వాడు మారువేషంలో ఉన్న పోలీసట. హంతకుడు ఎవరయ్యా అంటే, పిల్లలకు మిఠాయిలు పంచే ముసలాయన! మైదానమంతా ఒక్కసారి "ఓయమ్మో" అంది. ఆయన గొంతుకు బిగించి చంపేది కూడా వైరుతోనే.

ఇంటికి నడిచొస్తుంటే నా బుర్రలో ఒకటే గిరగిర. ఎక్కువ మంచిగా ఉన్నవాడే హంతకుడు. మరి మా క్వార్టర్ల లైనులో అందరికంటే మంచిగా ఉన్నదెవరు? పిప్పరమెంట్లు ఎవరిస్తారు? ఇంటినిండా వైరు ఎవరికుంది? పైగా, మందు పేల్చేముందు కాక అందరినీ దూరంగా పంపి తానొక్కడే వెనక ఉంటాడని బాపే ఒకసారి చెప్పాడు. ఎందుకు పంపుతాడు? ఒక్కడే ఉండి ఏం చేస్తాడు? ఇంతకాలం నాకీ అనుమానం ఎందుకు రాలేదా అని నా మీద నాకే కోపమొచ్చింది. రేపు పొద్దున మా బాపు ఆ మనిషి వెంటే బాయిలోకి దిగుతాడు!

అందరికంటే ముందు లేచి బాపు బూటు తీసుకెళ్ళి, పొయ్యి కోసం పెరట్లో పోసుకున్న బొగ్గుల కుప్పలో పూడ్చేశాను. ఒక్క బూటే. రెండోది కూడా దాచాలనే తెలివి లేదు. బూట్లు లేకుండా బాయిలోకి దిగనివ్వరని మాత్రం తెలుసు. నల్లబూటు నల్లబొగ్గులో ఎవరికి కనబడుతుంది? బాపు ఇల్లంతా తిరగేశాడు. అమ్మ మంచాల కింద దూరింది. గేటు దగ్గర కాక బెల్లు మీద బెల్లు కొడుతున్నాడు. చివరికి అమ్మకు నా చేతుల మసి కనబడింది.

"ఏందే ఇది? బూటు ఏడ పెట్టినవ్?" అని రెక్క పట్టుకుంది. నేను ఏడుస్తూ, ఉన్నదున్నట్టు అరిచేశాను: "బాపును పోనియ్యకు! సిన్మాల ముసలాయన లెక్క కాక బాపును సంపుతడు!"

ఆ మాట గేటు దాకా వినబడింది. నేను అటు చూశాను. కాక ఒక చేత్తో సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కోపం లేదు, నవ్వూ లేదు. ఏమీ తోచని చిన్నపిల్లాడిలా మా బాపు వంక చూశాడు. తరవాత "టైమైతున్నదే, నేను పోత" అని ఒక్కడే సైకిలెక్కాడు. బూటు దొరికేసరికి షిఫ్టు మొదలైపోయింది. బాపుకు ఆ రోజు నాగా.

బాపు నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. గోడకానుకుని కూర్చుని అమ్మతో అన్నాడు: "లోపల నేను ఆయన మాట మీదనే బతుకుత. ఆయన జరుగమంటె జరుగుత, రమ్మంటె వస్త. నా బిడ్డ నోట గా మాట ఇన్నంక ఆయన మనసు ఎట్లుంటది? రేపు ఏ మొకం పెట్టుకొని పక్కన నిలవడాలె?" నాకు భయమేసింది. కాక హంతకుడు కాకపోతే నేనేం చేసినట్టు? హంతకుడే అయితే బాపు ఆయన కోసం ఎందుకు బాధపడుతున్నట్టు? ఏదీ తెగలేదు.

సాయంత్రం కాక వచ్చాడు. గేటు లోపలికి రాలేదు. బయటి నుంచే బాపును అడిగాడు: "బిడ్డను సిన్మాకు తోల్కపోనా?" బాపు తల ఊపాడు. నేను అమ్మ కొంగు వదలనంటే, అమ్మే నన్ను ముందుకు తోసి తానూ వెంట వచ్చింది.

అదే సినిమా. అదే ముసలాయన. తెర మీద గాటు చెంపవాడు రాగానే కాక నా చెవి దగ్గర వంగి "ఇగో, ఇప్పుడు మోగుతది సూడు" అన్నాడు. మోగింది. "ఆడేం జేసిండు బిడ్డ? ఊకె నిలవడ్డడు. భయమంత మోతలనే ఉన్నది." హంతకుడి బూట్లు మాత్రమే చూపించినప్పుడు, మొఖం ఎందుకు చూపించడం లేదో చెప్పమన్నాడు. ముసలాయన మిఠాయిలు పంచుతుంటే, "గింత మంచిగ ఎందుకు సూపెడుతున్నరంటె, ఆఖర్ల మనం ఉలిక్కిపడాలెనని" అన్నాడు. నిన్న గుండెలదిరిన చోటల్లా ఇవాళ దాన్ని అతికిన కుట్టు కనబడుతోంది.

"మరి గట్ల మోసం జేస్తె అందరు మల్ల మల్ల ఎందుకొస్తరు కాకా?" అన్నాను.

"నేల మీద సల్లగ కూసుండి మోసపోతె మజా ఉంటది బిడ్డ. బాయిల గట్ల నడ్వది. నేను మందు పేల్చేముందు 'పేలుస్తున్న' అని మూడుసార్లు ఒర్లుత. అందర్ని పక్కకు తోలి, ఒక్కొక్కల్ని లెక్కవెట్టుకున్నంకనే పేలుస్త. ఆడ ఎవ్వలు ఉలిక్కిపడొద్దు. మీ బాపు అసలే పడొద్దు."

ఇది అర్థమైందనే అనుకున్నాను. అయితే మరి, హంతకుడెవరో తెలిసి, కుట్లన్నీ కనబడి కూడా, ముసలాయన చీకటిగదిలో వైరు తీస్తుంటే నేనెందుకు కళ్ళు మూసుకున్నాను? వేళ్ళ సందులోంచి చూస్తే కాక కూడా తెర వైపు చూడటం లేదు. తల దించుకుని, ఎవరితోనో అన్నట్టు, "ఈసారన్న ముసలాయన మంచోడైతె బాగుండు" అన్నాడు. నిన్న చూసిన సినిమాయే కదా, ఎలా మారుతుంది? పిచ్చా ఈయనకు అనుకున్నాను. అమ్మ మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మరునాడు పొద్దున బూట్లు రెండూ నేనే తుడిచి గడప ముందు పెట్టాను. కాక సైకిలు వచ్చింది. ఆయన బెల్లు కొట్టలేదు. లైనంతా వినబడేలా మూడుసార్లు అరిచాడు: "బిడ్డా, మీ బాపును తీస్కపోతున్న! తీస్కపోతున్న! తీస్కపోతున్న!" పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. నేను "తీస్కపో కాకా" అనేదాకా ఆయన పెడలు మీద కాలు పెట్టలేదు.

ఇద్దరూ రిటైరయ్యేదాకా ఒకే దారిన పోయారు, వచ్చారు. కాక నన్ను ఆ మాట గురించి ఎన్నడూ అడగలేదు. క్షమించాడో, మరిచిపోయాడో, లోపలే దాచుకున్నాడో తెలియదు. అడిగే ధైర్యం నాకూ రాలేదు. ఇప్పుడు మనవరాళ్ళు ఫోనులో సినిమా చూస్తూ, "అమ్మమ్మా, ఈయన మరీ మంచిగున్నడు, ఈయనే" అని పదినిమిషాల్లో తేల్చేస్తారు. వాళ్ళన్నదే నిజమవుతుంది కూడా. నేనూ పక్కన కూర్చుని నోరు తెరుచుకుని చూస్తాను, భయపడతాను, మరొకటి పెట్టమంటాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

బయటి మనుషుల దగ్గర మాత్రం, మంచిగా ఉన్నవాడే హంతకుడనే ఆ లెక్క నేను మళ్ళీ వేయలేదు. ఊరికే మంచిగా ఉన్నవాళ్ళను ఊరికే నమ్ముతూ వచ్చాను. ఇద్దరు ముగ్గురు నిండా ముంచారు కూడా. కానీ నమ్మినందుకు నేనెప్పుడూ అంత బాధపడలేదు, ఆ ఒక్క పొద్దున నమ్మనందుకు పడ్డంత.