మోతలో మాట

ఆ మిల్లులో నలుగురు కార్మికులు ఒకచోట నిలబడి మాట్లాడుకోరాదని గోడమీద రాసి ఉండేది. కార్మికులు ఆ ఆజ్ఞను శిరసావహించారు. ఎవరి మగ్గం దగ్గర వాళ్లు నిలబడే యూనియన్ పెట్టేశారు.

ఆ ఘనత పెద్దక్కది. మరమగ్గాల మోత ఆమె చెవులను ఎప్పుడో మింగేసింది. ఆ మోతలో పెదాలు చూసి మాట పట్టడం, గొంతు పెగల్చకుండా పెదాలతోనే బదులివ్వడం అక్కడ అందరికీ వచ్చు. ఆమెకైతే షెడ్డు ఆ చివరి మనిషి మాట కూడా అందేది. "యూనియన్లో చేరతావా?" అని ఆమె అడుగుతుంటే, పక్కనే ఉన్న కొత్త సూపర్‌వైజరు 'పాపం, ఏదో పాట పాడుకుంటోంది' అనుకునేవాడు.

తల్లి పోయాక ఆమె పెంచిన తమ్ముడు అదే షెడ్డులో నూలు కండెలు మోసేవాడు. వాగుడుకాయ.

"నోర్ముయ్‌రా, నా కళ్లు నొప్పెడుతున్నాయి," అనేది పెద్దక్క.

కార్మికులను కనిపెట్టి ఉండేందుకు మేనేజరుగారు షెడ్డు పక్కనే అద్దాల గది కట్టించుకున్నారు. అద్దానికి స్వామిభక్తి తక్కువ, రెండువైపులా చూపిస్తుంది.

ఒకరోజు తమ్ముణ్ణి ఆ గదిలోకి పిలిచారు. మగ్గం దగ్గరున్న పెద్దక్కకు మేనేజరు వీపు, తమ్ముడి మొహం కనబడుతున్నాయి.

"నాకు తెలీదు సార్."

తరవాత, "పసిపిల్ల ఉంది సార్. పనిలోంచి తీసెయ్యకండి."

పెద్దక్క తెగిన పోగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చాలాసేపటికి ఆ పెదాలు మళ్లీ కదిలాయి.

"మా అక్కే."

సాయంత్రానికి ఆమెను గేటు బయటకు పంపారు. మర్నాడు మగ్గాలన్నీ ఆగాయి. గేటు ముందు గుంపులో తమ్ముడూ ఉన్నాడు.

"నీ పేరు చెప్పిన వెధవ ఎవడక్కా? తోలు వలిచేస్తాం!" అన్నాడు మెకానిక్కు.

"నేనే. నోరు జారాను."

"చప్పుడు లేకుండా యూనియన్ పెట్టినదానివి, నువ్వు నోరు జారడమేంటక్కా!" అని అందరూ నవ్వారు. తమ్ముడు తల దించుకున్నాడు.

సమ్మె సాగింది. చివరికి యాజమాన్యం దిగివచ్చింది: యూనియన్‌ను గుర్తిస్తుంది, పెద్దక్కను మాత్రం పనిలోకి తీసుకోదు. కుదరదన్నారు కార్మికులు.

"ఒప్పుకోండర్రా. నా ఒక్కదానికోసమా యూనియన్ పెట్టుకున్నది?" అని ఆమే కసిరింది.

ఆ సాయంత్రం తమ్ముడు చొక్కాకు యూనియన్ బిళ్లతో ఆమె గదికి వచ్చాడు. ఎదురుగా కూలబడి, "అక్కా..." అన్నాడు.

అంతవరకే చూసింది. కళ్లు మూసుకుంది.

అతను చాలాసేపు చెప్పాడు, ఏడుస్తూ చెప్పాడు. పక్కగది ముసలమ్మ గోడవతల అంతా విని కళ్లొత్తుకుంది. అతను చెయ్యి పట్టుకుంటే పెద్దక్క విడిపించుకోలేదు. కళ్లు మాత్రం తెరవలేదు.