పాలారు మడుగులో తోమిన రాళ్లు

ఎనభైల మొదట్లో ఒక జూన్ నెలలో నన్ను బేతమంగళం సెక్షన్‌కు ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. దగ్గర్లోని బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి అప్పటికి పాతికేళ్లయింది. మా నాన్న ఊరిగాం గనిలో టింబర్‌మన్, అంటే షాఫ్టు కింద పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. ఆయన కూతురు బంగారం వదిలేసి చేపల వెంట పడిందని చర్చి దగ్గర చాలామంది నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన అసిస్టెంట్ డైరెక్టరు, కింద ఒక ఫీల్డ్‌మన్, మధ్యలో నేను. చెరువుల్లో, నదిలో చేపపిల్లలను వదలడం, అవి ఎదుగుతున్నాయో లేదో నెలనెలా వల వేయించి, తూచి పైవాళ్లకు చెప్పడం నా పని.

బేతమంగళం ఆనకట్ట దిగువన పాలారు నది ఏడాది పొడుగునా పారదు. వానలు వెనకపట్టాక మడుగులుగా నిలుస్తుంది. అలాంటి ఒక పెద్ద మడుగును ఆ ఏడు ఒక ఊరి మత్స్యకారుల సంఘం గుత్తకు తీసుకుంది. గుత్త ఒక్క ఏడాదికే. వేసవిలో వల వేసినప్పుడు చేపలు అమ్మకానికి తగినంత ఎదిగి ఉంటేనే పొడిగింపు, లేదంటే మడుగు బయటి కాంట్రాక్టరుకు పోతుంది. ఆ ఊరి వలలకు వేరే నీళ్లు లేవు. సంఘం అధ్యక్షుడు మునియప్ప ఈ సంగతి నాకు కనబడినప్పుడల్లా చెప్పేవాడు.

ఆగస్టులో వేలెడంత రోహు, మృగాల్ చేపపిల్లలను వదిలాం. డిసెంబరులో వల లాగించి చూశాను. తలలు పెద్దవి, ఒళ్లు పుల్లలు. నీటిలో ప్రాణవాయువు సరిపడా ఉంది, రోగం ఆనవాళ్లు లేవు. నీళ్లు మాత్రం అడుగున రాళ్లు కనబడేంత తేటగా ఉన్నాయి. దిగి ఒక రాయి తీసి చూశాను. గరుకుగా, పొడిబట్టతో తుడిచినట్టు ఉంది. నత్త లేదు, పురుగు లేదు. ఒడ్డున ఒక్క కొంగ కూడా లేదు.

"మేమే తోమినాము మేడమ్మా," అన్నాడు మునియప్ప గర్వంగా. "వారం వారం ఊరంతా దిగి పాచి గీకినాము, తుంగ పెరికినాము. ఇంత క్లీనుగా ఉండే మడుగు ఇంగ యాడన్నా ఉండాదా?"

అతని పంతానికి కారణం ఉంది. ముందటేడు వాళ్లమ్మ బట్టలు ఉతుకుతూ పాచి పట్టిన రాయి మీద జారిపడి, తుంటి విరిగి మంచాన పడింది. అప్పటి నుంచి పాచి అతనికి పగవాడే. దానికి తోడు మా అసిస్టెంట్ డైరెక్టరు ఒకసారి వచ్చి, నీళ్లంటే ఇలా ఉండాలి అని మెచ్చుకొని వెళ్లారు.

పాచిని మురికి అనుకోవడం మామూలే. కానీ నదిలో వంట చేసేది అదే. రాళ్ల మీద పట్టే జిగురు పొర, నీటిలో తేలే కంటికి ఆనని శైవలాలు ఎండను పట్టుకొని తిండి తయారుచేస్తాయి. ఆ తిండి మీద నత్తలు, పురుగుల పిల్లలు, నీటి ఈగలు బతుకుతాయి. వాటి మీద చేపలు, చేపల మీద కొంగలు. రోహు ఆ పొరను నేరుగా కూడా గీకి తింటుంది. తుంగ కాడలకూ అదే పొర పడుతుంది, తుంగ కుళ్లి అడుగున చేరితే మృగాల్‌కు మేత. ఇదంతా చెప్పి, తోమడం ఆపమన్నాను.

"పాచి పెంచి, ఇంగొకరి తుంటి విరిగితే ఎవురమ్మా జవాబు చెప్పేది?" అని అతను లేచి వెళ్లిపోయాడు.

మాటలతో పని కాదని తేలింది. మర్నాడు పింగాణీ పళ్లెం, కత్తెర, చిన్న మైక్రోస్కోపు పట్టుకొని వెళ్లాను. దిగువన గుత్తలో లేని ఒక గుంట ఉంది. పాముల భయంతో అందులోకి ఎవరూ దిగరు. వరదకు మేం వదిలిన చేపపిల్లలు కొన్ని అందులోకి కొట్టుకుపోయాయి. అక్కడ పట్టించిన మృగాల్ పొట్ట కోసి, పేగును పళ్లెంలో పిండాను. ఆకుపచ్చ, గోధుమరంగు ముద్ద వచ్చింది. ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెడితే గాజు పెంకుల్లాంటి శైవలాలు కిక్కిరిసి కనిపించాయి. సంఘం వాళ్లు వరసగా వంగి చూశారు. తర్వాత తోమిన మడుగు చేపను కోశాను. పిండితే చిటికెడు ఇసుక రాలింది. ఇంకేమీ లేదు.

మునియప్ప ఆ ఇసుకను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఆకలికి మన్ను తినిండాది మేడమ్మా," అన్నాడు. "నేనే పస్తు పెట్టినాను," అని ఒడ్డున చతికిలబడ్డాడు.

నాకూ బాధేసింది. "అన్నం పారబోసి కంచం తోమినాము మునియప్పన్నా. బట్టలుతికే రేవు మాత్రం తోముకోండి. తక్కినదాన్ని ముట్టొద్దండి," అన్నాను. అంతటితో ఊళ్లో తగువు తీరింది.

ఆఫీసులో తీరలేదు. మార్చిలో డైరెక్టరుగారు తనిఖీకి వస్తారని, అప్పటికి మడుగు మునుపటిలా మెరవాలని అసిస్టెంట్ డైరెక్టరు చెప్పారు. తోమించనన్నాను. వేసవికి చేపలు ఎదగకపోతే సంఘానికి మడుగు, నాకు సెక్షన్ రెండూ ఉండవన్నారు. సరేనన్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండి ఆడది ఎలా ఉంటుందో ఆయన ఆ రోజే చూశారు. ధైర్యంగా అనేశాను గానీ, ఇంటికొచ్చి డిసెంబరు తూకాలు మళ్లీ మళ్లీ లెక్కవేసుకున్నాను. పోయేది నా ఒక్కదాని సెక్షన్ కాదు.

డైరెక్టరుగారు వచ్చారు. ఒడ్డంతా పచ్చ జిగురు, తుంగ మొలకలు చూసి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను ఒక రాయి తీసి బోర్లా తిప్పి, దానికి అంటుకున్న నత్తలను చూపించాను. ఆయన వంగి చూసి, జీపెక్కి వెళ్లిపోయారు.

ఏప్రిల్లో వల లాగారు. తూచాల్సిన చేపలను అసిస్టెంట్ డైరెక్టరే ఏరారు, సన్నవాటినే ఏరారు. రోహు గట్టెక్కింది. రాళ్ల మీద పాచి త్వరగానే తిరిగి పట్టింది గానీ, తుంగ కుళ్లి చేరే అడుగు మేత లేక మృగాల్ గట్టెక్కలేదు. వాటిలో చాలా భాగం జనవరిలోనే చచ్చి తేలాయి, బతికినవి కడదాకా పుల్లల్లాగే ఉండిపోయాయి. రోహు బరువు మీద గుత్తను ఇంకో ఏడాదికి పొడిగించారు. మునియప్ప సంతోషించలేదు. సన్న మృగాల్ చేపలను విడిగా బుట్టలో వేయించి, ఇవి అమ్మొద్దు అని తనవాళ్లకు చెప్పాడు.

ఆ ఏడాది నాకు తెలిసింది ఇది. ఎదిగే నెలల్లో పడిన పస్తును తర్వాత పెట్టే ఏ మేతా పూర్తిగా పూడ్చదు. నీళ్లు బాగున్నాయో లేదో మన కంటిని అడిగితే తప్పు జవాబే వస్తుంది. రిటైరయ్యేదాకా ఏ మడుగు మీదా ఒక చేపను కోసి చూడకుండా నేను నివేదిక రాయలేదు.