తాంబూలం నోటితో తెలివి పరీక్ష

మా ముత్తాత రంగారెడ్డి, తాత నరసారెడ్డి బోగోలు దగ్గర మా ఊరికి మునసబులు. వాళ్లు కూర్చోమంటేనే తాసీల్దారు కూర్చునేవాడు. అరవైల మొదట్లో, జ్వరంతో వినికిడి పోయిన మా చెల్లెలు సుబ్బులు మద్రాసు చెవిటి పిల్లల బడికి తగునో లేదో తేల్చడానికి వచ్చిన అధికారి మాత్రం అడక్కుండానే నాన్న కుర్చీలో కూలబడ్డాడు. నోటినిండా తాంబూలంతో ప్రశ్నలు వేశాడు. పెదవులు చూసి మాట గ్రహించే పిల్ల బిక్కమొహం వేసింది.

"మందబుద్ధి. బడి దండగ" అన్నాడు.

"చెవులుండే నాకే మీ మాట అర్థం కాలా. పోయి ఉమ్మేసి రాండి" అన్నారు నాన్న.

ఉమ్మేసి వచ్చాడు.

"ఆవుకు కాళ్లెన్ని?"

"నాలుగు. మీ మీసానికి సున్నం అంటింది సారూ" అంది సుబ్బులు.

మూతి తుడుచుకుని, తగునని రాసి వెళ్లాడు. తెలివి కొలిచే పని ఇలాంటివాళ్లకు ఎవరిచ్చారో నాకిప్పటికీ తెలియదు. మద్రాసులో చెల్లెలి చదువు ఖర్చు కోసం తాతల నాటి సవారీ బండినీ ఎడ్ల జతనూ అమ్మేశాము.