దొరల వేటకి నావ కట్టిన మా పెదనాన్న

మా పెదనాన్న పోయిన సంగతి నాకు రాజోలు కచేరీ మెట్లమీద తెలిసింది. మా పేట నుంచి ఎండుచేపల కావిడి తెచ్చే మనిషి ఎప్పుడూ కచేరీ వైపు రాడు. ఆ రోజు వచ్చి, కావిడి దించి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "పెద్దయ్యగారు పోయేరండి. నిన్న పొద్దుటే, పోటు తగ్గి పాటు తీసే వేళకి" అన్నాడు. నేను "ఆయ్" అన్నాను. ఎవరైనా ఏదో పని చెప్తే అన్నట్టే అన్నాను. లోపలికి వెళ్లి, సగంలో ఉన్న కాగితం పూర్తిగా రాసి మరీ లేచాను. అదేం కాగితమో ఇప్పుడు గుర్తు లేదు.

చదివే మీకు ఆయన తెలియదు. పొలం లేదు, చదువు లేదు, పేరు నాలుగు పేటలు దాటితే ఎవరూ ఎరగరు. అంతర్వేది దగ్గర, వశిష్ఠ సముద్రంలో కలిసే మొగలో, ఒక నావ ఉండేది ఆయనకి. అలాంటివాళ్ల గురించి ఎవరూ రాయరు. నాకు నాలుగక్షరాలు వచ్చింది ఆయన చలవ వల్లే కాబట్టి నేనే రాయాలి.

మా నాన్న మశూచి వచ్చి పోయేనాటికి నాకు అయిదేళ్లు. నన్ను పెంచినది పెదనాన్న, పెద్దమ్మ. పేటలో నా ఈడువాళ్లందరూ చేపల వేటకి వెళ్తుంటే, నన్ను మాత్రం ఏరు దాటించి నరసాపురంలో పాదిరీగారి బడిలో వేశారు. పేటంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. "కొంపకి ఒక్కడైనా పొడికాళ్లతో అన్నం తినాల్రా" అనేవారు. అలా నేను కచేరీలో ఇంగ్లీషు ఉత్తరాలు చదివి తెలుగులో చెప్పే గుమాస్తానయ్యాను. వేటవాళ్ల పిల్లాడు గుమాస్తాల చాపమీద కూర్చోవడం అక్కడ చాలామందికి గిట్టలేదు. నా చేత ఎప్పుడు తప్పు జరుగుతుందా అని కాచుకుని ఉండేవారు.

ఆ రోజుల్లో ఆనకట్ట పని మీద ధవళేశ్వరం వచ్చిన దొరలకి సెలవు చిక్కితే చాలు, గాలం కర్రలు పట్టుకుని మొగ దగ్గరికి దిగేవారు. పండుగప్ప చేప కోసం. కూర వండుకోవడానికి కాదు, సరదాకి. మొదట్లో మా పేటవాళ్లకి అది అర్థమే కాలేదు. "వలేస్తే గడియలో అయ్యే పనికి పొద్దంతా కూర్చుంటారు. కూర్చోడానికే వస్తార్రా వోళ్లు" అనేవారు పెదనాన్న. అయినా దొరల ఉత్తరం వచ్చిందంటే ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ ఏర్పాటు చెయ్యడమంటే అంత ఇష్టం.

ఉత్తరం కచేరీకి వచ్చేది. అందులోని ఇంగ్లీషు తేదీని మన తిథిలోకి మార్చి పెదనాన్నకి చెప్పడం నా పని. తేదీలంటే ఆయనకి లెక్కలేదు. "చందమావతో పనిలేని రోజు ఏం రోజురా? తిథి చెప్పు" అనేవారు. అమావాస్యకీ పున్నమికీ మొగలో నీళ్లు ఉరుకుతాయి. దశమి నాటికి నెమ్మదిస్తాయి, తేటపడతాయి. అందుకని దొరల్ని దశమికి రమ్మని రాయించేవారు. ఆ తర్వాత ఇసకలో కూర్చుని వేలితో మొగ గీసేవారు. ఇక్కడ ఇసక మేట, ఇక్కడ లోతు, ఇక్కడ లంగరు. ఎరకి బతికున్న రొయ్యలు ఏ కుండలో ఉంచాలి, నీడకి తాటాకులు ఎన్ని కావాలి, కొబ్బరిబొండాలు ఎవరి దొడ్లోవి. మధ్యమధ్య నన్ను ప్రశ్నలు వేసేవారు.

"ఎంతమందిరా?"

"ముగ్గురు."

"ఈతొచ్చినోళ్లు?"

"అది రాయలేదు పెదనాన్నా."

"అందులో కోపిష్టి ఎవడు?"

"అదెందుకు రాస్తారు?"

"అయితే ఉత్తరం రాసినోడే. వోణ్ణి గాలికి వీపు పెట్టి కూకోబెట్టాలి."

ఎప్పుడూ ఆయన అంచనా తప్పలేదు.

ఒక యేడు ఒక దొరకి చెయ్యి నొప్పెట్టి, గాలం కర్ర కాసేపు పట్టుకోమని పెదనాన్నకి ఇచ్చాడు. అప్పుడే పండుగప్ప పడింది. నేను పక్కనే ఉన్నాను. అరవయ్యేళ్లు వేటలో ముదిరిన మనిషి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఉండిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు తన అరచేతిని తనే చూసుకునేవారు. "వలలో చేప బరువు తెలుస్తుందిరా. దీంట్లో చేప మనసు తెలుస్తుంది" అన్నారు నాతో. ఇంకో మాట కూడా అన్నారు. "ఒక్కసారి మనిద్దరం ఎళ్దాంరా, దొరల్లాగ. అమ్ముకోడానికి కాదు. ఊరికే." వెళ్దాం పెదనాన్నా అన్నాను. సెలవు దొరకగానే అన్నాను.

ఆ మరుసటి యేడు నేను చేసిన పని చెప్పకపోతే ఈ రాత అబద్ధమే అవుతుంది.

అంతకుముందు యేడు పుష్య శుద్ధ దశమికి వచ్చిన దొర, మళ్లీ అదే తేదీకి వస్తానని రాశాడు. పని తొందరలో పంచాంగం తియ్యడానికి బద్ధకించి, పాత కాగితం చూసి, పుష్య దశమి అని పెదనాన్నకి కబురు పంపేశాను. ఇంగ్లీషు తేదీ, మన తిథి ఏటా ఒకచోట కలవవని నాకు తెలియక కాదు. నాలుగు రోజులు ముందో వెనకో, తర్వాత సరిచూద్దాంలే అనుకుని మరిచిపోయాను. పైగా ఆ యేడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. అధికమాసం పడితే తర్వాతి నెలలన్నీ ఆలస్యంగా వస్తాయి కదా. దొర తేదీ ఎక్కడికీ జరగదు.

మేము అనుకున్నదానికి పంతొమ్మిది రోజుల ముందు దొరలు దిగారు. ముగ్గురు మనుషులు, పెట్టెలు, గాలం కర్రలు, వాళ్ల వెనక నేను. ఒడ్డుకి వెళ్లేసరికి నావ ఇసకలో ఒరిగి ఉంది, ఒక పలక ఊడదీసి ఉంది. దొరల కోసమే దాన్ని బాగు చేస్తున్నారు పెదనాన్న. చేతులకి మోచేతులదాకా పలకల సందులకి పూసే గుగ్గిలం. ఇది ఎవరి తప్పో అడగమన్నాడు దొర నన్ను.

నేను అడగలేదు. పెదనాన్నే నా ముఖం చూసి, మెల్లగా, "ఏ తిథి చెప్పేవురా నాకు?" అన్నారు.

"పుష్య దశమి."

"ఇయ్యాళ మార్గశిర బహుళం." చేతులు తాటిపీచుతో తుడుచుకున్నారు. "ఊఁ. ముసలోడు మరిచిపోయేడని చెప్పు."

"పెదనాన్నా..."

"చెప్పరా. నావకి ఇంకో బేరం వస్తాది. నీకింకో కచేరీ రాదు."

చెప్పాను. తప్పుల్లేని ఇంగ్లీషులో, ఆయన డబ్బు పెట్టి చదివించిన ఇంగ్లీషులో చెప్పాను. దొర అరిచిన అరుపు తెలుగులోకి మార్చలేదు. "ఏవంటన్నాడు?" అని అడిగారు పెదనాన్న. "పర్వాలేదంటున్నాడు" అన్నాను. "పర్లేదని అంత గట్టిగా అంటారేంట్రా" అని నవ్వారు. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మళ్లీ ఏ దొరా ఆయన నావ ఎక్కలేదు. నరసాపురం ఒడ్డున ఇంకొక పడవ సరంగుని చూసుకున్నారు. ఆ ఉత్తరాలూ నేనే చదివాను, ఆ తిథులూ నేనే చెప్పాను. అవి ఒక్కటీ తప్పలేదు. తప్పు నాదని దొరతో చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ప్రతిసారీ ఆ చాప గుర్తొచ్చేది. పెదనాన్న ముఖం చూడలేక ఇంటికి వెళ్లడం తగ్గించాను. పండగకో పబ్బానికో వెళ్లినా పూటలో తిరిగొచ్చేసేవాణ్ణి. ఆయన ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నేను తిరిగి వచ్చేటప్పుడు రేవు దాకా సాగనంపి, "ఎప్పుడెళ్దాంరా మనం?" అని మాత్రం అడిగేవారు. వచ్చే నెల అనేవాణ్ణి. మూడేళ్లు అలాగే అన్నాను. రాజోలు నుంచి మా పేట ఎంత దూరం కనక, పడవెక్కితే ఒక పూట.

పెద్దకర్మ అయిన మరునాడు పెద్దమ్మ నన్ను లోపలికి పిలిచి, తలుపు వెనక మట్టిగోడ చూపించింది. వరసగా సున్నం బొట్లు ఉన్నాయి, పదో పన్నెండో.

"ఇవేంటి పెద్దమ్మా?"

"ఆదివారంనాడు నీకు కచేరీ ఉండదంట కదా నాయనా. ఆదివారం దశమి ఎప్పుడు పడతాదో గుళ్లో పంతులుగారినడిగి బొట్టు ఎట్టుకునేవోరు. ఆ పొద్దుట నావ దించి, రొయ్యలు పట్టి కుండలో ఏసి, నీకోసం చూసేవోరు. పాటు తీసేకా రొయ్యల్ని ఏట్లో వదిలేసి ఇంటికొచ్చేవోరు."

"నాకు కబురెందుకు పెట్టలేదు?"

"నేనూ అన్నాను. 'పిలిస్తే రాలేక బాధపడతాడే. వోడంతట వోడొచ్చిన్నాడు నావ ఉండాలి, అంతే' అన్నారు."

చివరి బొట్టు ఇంకా రాని ఆదివారానిది. అది నాలుగు రోజుల్లో ఉంది. ఆ నాలుగు రోజులూ నేను కచేరీకి వెళ్లలేదు.

ఆ పొద్దుట పెద్దమ్మ చద్దన్నం మూట కట్టి చేతికిచ్చింది. పేటలో కుర్రాళ్లు నావ నీళ్లలోకి దించి, నడుపుతామని వచ్చారు. వద్దన్నాను. అది ఇద్దరికని వేసుకున్న ఏర్పాటు. వాళ్లు వెళ్లాక ఎక్కి కూర్చున్నాను. నాకు నావ నడపడం రాదు. వేటవాళ్ల ఇంట్లో పుట్టి గెడ పట్టడం రానివాణ్ణి మా పేటలో నేనొక్కణ్ణే. అందుకని తాడు గుంజకే ఉంచి, ముందుపలక మీద కూర్చుని, వెనక చుక్కాని దగ్గర ఆయన చోటు ఆయనకి వదిలేశాను. నీళ్లు తేటగా ఉన్నాయి, నెమ్మదిగా ఉన్నాయి. ఆయన చెప్పినట్టే దశమి. పోటు నిండి కాసేపు నిలబడింది, తర్వాత పాటు తీసింది. నీళ్లు నావ కిందనుంచి కొంచెం కొంచెంగా జారిపోయి, నావ ఇసకలో ఒక పక్కకి ఒరిగి నిలిచిపోయినా, నేను మాత్రం దిగలేక అలాగే కూర్చున్నాను.